కత్తిచేపయు మన వాలుగయు

గడచిన మాసము ధర్మపురినుండి యొక సోదరి మాకు జాబు వ్రాసినది. జాబు చిన్నదియే కాని యందలి చిక్కు చిన్నది కాదు. ఆమె కుమార్తె అయిదవ తరగతి చదువుచున్నది. సముద్రజంతువుల పాఠములో కత్తిచేప బొమ్మ వచ్చినదట. పిల్ల యింటికి వచ్చి యా బొమ్మను బాపమ్మకు చూపగా, ఆ పెద్దామె “మన గంగల లేదా బిడ్డా కత్తిచేప? వాలుగ అంటెనే కత్తి” అనెనట. పిల్ల మఱునాడు బడిలో నా మాటయే చెప్పినది. పంతులమ్మ నవ్వినది, ఆమె నవ్వగా తరగతి యంతయు నవ్వినది. పిల్ల యింటికి వచ్చి “నీకేం తెల్వది బాపమ్మా” అని మూతి ముడుచుకొన్నది. “ఆనాటినుండి మా అత్తగారు పిల్లకు కథ చెప్పుట మానుకొన్నారు. అడిగినచో, నాకేమి తెలియునని పడుకొనుచున్నారు. ఇరువురిలో నెవరి మాట నిజమో మీరు వ్రాయుడు. పత్రిక వచ్చినతోడనే యిద్దఱిని చెంత కూర్చుండబెట్టుకొని చదివెదను” అని సోదరి వ్రాసినది.

ఈ శీర్షికలో పెరటి మొక్కల పేర్లను గూర్చియు, వంటపాత్రల పేర్లను గూర్చియు మేము వ్రాసియున్నాము గాని, చేపల జోలికి పోయియుండలేదు. చేప ముట్టని యిండ్ల పాఠికలు నొచ్చుకొనవలదు. మేము వ్రాయునది కూరను గూర్చి కాదు, పేరును గూర్చి. చేపను వండని యిండ్లలోను “వాలుగంటి” యను మాట వినబడుచునే యున్నది గదా! ఆ మాట దగ్గఱకు తరువాత వత్తము.

ముందుగా పంతులమ్మ పక్షము చెప్పవలెను. పుస్తకములోని కత్తిచేప సముద్రపు చేప. అది మహాసముద్రములలో లోతునీట తిరుగుచుండును. మన బంగాళాఖాతము చేరిన హిందూమహాసముద్రమునను అది కలదు. పగటిపూట అయిదాఱువందల మీటర్ల లోతునకు దిగి రాత్రికి పైకి వచ్చును. పెద్దది పదునాలుగడుగుల వఱకును పెరుగును. దాని పైదవడ ముందునకు సాగి, చదునై, ఇరువైపుల అంచులు దేఱి, అచ్చముగా కత్తివలె నుండును. ఈ కత్తితో నది పొడుచుటకంటె నిటునటు విసరుటయే యెక్కువ. చేపల గుంపులో దూఱి విసరగా దెబ్బతిన్నవి తేలిపోవును. వానిని పట్టి మ్రింగును. పెరిగిన కత్తిచేపకు పండ్లుండవు, పొలుసులును ఉండవు. ఇట్టి చేప గోదావరిలో ధర్మపురి రేవునకు వచ్చుట కలలోని మాట. ఇంతవఱకు పంతులమ్మ చెప్పినది సరియే.

ఈ చేపకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు “జిఫియస్ గ్లాడియస్”. స్వీడను దేశీయుడగు లిన్నేయసు 1758లో దీనిని స్థిరపఱచెను. అందు మొదటి మాట గ్రీకు, రెండవది లాటిను. గ్రీకులో “జిఫోస్” అనగా కత్తి. లాటినులో “గ్లాడియస్” అనగాను కత్తియే! మన వారు “నడిసెంటర్” అన్నట్లుగా, కత్తి కత్తి యని రెండుమాఱులు చెప్పినట్లైనది. పండితులు పేరు పెట్టినను పునరుక్తి తప్పలేదని మాకు నవ్వు వచ్చినది. పూలకూజాలలో నుంచుకొను గ్లాడియోలస్ పువ్వు పేరును ఈ లాటిను మాటనుండియే పుట్టినది. చిన్న కత్తి యని యర్థము. దాని ఆకులను చూచినవారి కీ పేరెందుకు వచ్చినదో చెప్పనక్కఱలేదు. ఫ్రెంచివారు, ఇటలీవారు, జర్మనులు, అందఱును తమ తమ భాషలలో ఈ చేపను కత్తిపేరుతోడనే పిలుతురు. జపానువారు మాత్రము వేఱుదారి పట్టిరి. వారి “మెకాజికి” లో “మె” యనగా కన్ను అని చెప్పుదురు. దాని కన్నులంత పెద్దవి. ఆ కన్నుల దగ్గఱ నొక కండరము వేడిని పుట్టించి కంటిని, మెదడును వెచ్చగా నుంచుననియు, అందువలననే చల్లని లోతులలోను అది చుఱుకుగా చూడగలుగుననియు తేలినది. 1982లో కేరీ యను అమెరికా శాస్త్రజ్ఞుడు ఈ సంగతిని వెల్లడించెను. కత్తి నందఱును చూచిరి, కంటిని జపానువారు చూచిరి.

మన విశాఖపట్టణపు తీరమున జాలరులు “కొమ్ముకోనాము” అనునది దీని చుట్టము వంటిది. దాని ముక్కు కత్తివలె చదునుగా నుండక బల్లెమువలె గుండ్రముగా నుండును. అది వలలో పడినప్పుడు జాగ్రత్తగా నుండవలెను. 2022 ఫిబ్రవరిలో నా తీరమున వేటకు పోయిన యొక జాలరి అట్టి చేప పొడువగా ప్రాణము కోల్పోయెను. సముద్రము మీద బ్రతుకువారికి చేప పేరులోని “కొమ్ము” అలంకారము కాదు, హెచ్చరిక.

ఇక బాపమ్మ పక్షము. ఆమె చెప్పిన మాటను మఱల చదువుడు. గంగలో సముద్రపు చేప కలదని ఆమె యనలేదు. వాలుగ యనగానే కత్తి యని యన్నది. ఇది వేఱు మాట.

తెలుగున “వాలు” అను పదమునకు అర్థములు పెక్కు. ఏటవాలు, వాలుకుర్చీ యనుచోట ఒరుగుట. వాలుజడ యనుచోట వ్రేలాడు పొడవు. పిట్ట వాలె ననుచోట దిగుట. ఇవన్నియు నేటికిని ఇంటింట వాడుకలో నున్నవి. వీనికి తోడుగా వాలు అనగా కత్తి యను అర్థమొకటి నిఘంటువులలో కలదు. పాతకాలపు కావ్యములలో తఱచుగా వచ్చును. నేటి వ్యవహారమున లేదు. వాలుగ పేరు ఈ కత్తినుండి వచ్చినదే యని మా యభిప్రాయము.

ఇట్లనగా నొక పాఠిక యడుగవచ్చును: సంస్కృతమున వాలము అనగా తోక గదా, ఆ చేప ఒడలంతయు తోకవలె నుండును గదా, తోకచేప యని యేల కారాదు? ఈ ప్రశ్న మంచిదే. తెలుగులో మాత్రమే చూచినచో దీనికి జవాబు దొరకదు. ఇరుగుపొరుగు భాషల వాకిటికి పోవలెను. తమిళమున కత్తి “వాళ్”, తోక “వాల్”. ఒకదానికి ళకారము, ఇంకొకదానికి లకారము. అక్కడ ఈ చేప పేరు “వాళై”. కన్నడమున కత్తి “బాళ్”, చేప “బాళె”. రెండు భాషలలోను చేప కత్తితోడి ళకారమునే పట్టుకొన్నది, తోక లకారమును పట్టుకొనలేదు. తెలుగులో ఈ మాటయందు ళకారము లకారముగా మాఱిపోవుటచే కత్తియు తోకయు నొకటిగా వినబడుచున్నవి. అక్కచెల్లెండ్రలో నొకతె మఱచిన సంగతిని తక్కిన యిద్దఱు జ్ఞాపకముంచుకొన్నట్లైనది. తమిళులు సముద్రములోని నాడవంటి తెల్లని సన్నచేపను కూడ ఈ వాళై పేరుతోడనే పిలుతురు. దానిని చూచినను తళతళలాడు కత్తి వాదరయే జ్ఞప్తికి వచ్చును.

వాలుగను చూడనివారికై రెండు మాటలు. ఒడలు పొడవు, ఇరుప్రక్కల నొత్తినట్లు పలుచన. పొలుసు లుండవు, వెండివలె మెఱయును. వీపుమీద ఱెక్క చిన్నది, ఉన్నదో లేదో యన్నట్లుండును. కడుపుక్రింద మాత్రము ఒక పొడవైన ఱెక్క బయలుదేఱి తోకవఱకు అంచుకట్టినట్లు సాగును. తలవైపు వెడల్పు, తోకవైపు సన్నము. తలను పిడి యనుకొన్నచో తక్కినదంతయు వాదరయే. నోరు చాల పెద్దది. చీలిక కంటిని దాటి వెనుకకు పోవును. మీసములు నాలుగు, వానిలో పైరెండు మిక్కిలి పొడవు. రాత్రివేళ తిరిగి చిన్నచేపలను మ్రింగును. ఏడెనిమిదడుగులవఱకు పెరుగునని గ్రంథములు చెప్పుచున్నవి గాని వలలో పడునవి తఱచుగా మూడడుగులకు లోపుగానే యుండును. సముద్రపు కత్తిచేప కత్తిని ముక్కున ధరించినది. మన వాలుగ తానే కత్తియైనది. ఈ భేదమును బాపమ్మ ఒక్క ముక్కలో చెప్పినది. పంతులమ్మకు అర్థము కాకపోవుట ఆమె తప్పు గాదు, ఆ మాటలోని “వాలు” మనకందఱకును మఱపున పడినది.

ఈ మఱపు ధర్మపురిలో కలిగినదను నపవాదు మేము వేయము. అది మాటల విలువ తెలిసిన యూరు. నరసింహశతకము చెప్పిన శేషప్పకవి అక్కడివాడు. తూర్పునకు సాగు గోదావరి ఆ యూరివద్ద దక్షిణమునకు తిరుగుటచే దక్షిణవాహిని యని యాత్రికులు మ్రొక్కుదురు. ఫాల్గుణమాసమున నరసింహస్వామి యుత్సవములకు వచ్చు స్త్రీలు నదిలో మునిగి, తడిబట్టలతో గుడిమెట్లెక్కుదురు. ఆ ప్రాంతమున గోదావరిని గంగ యనియే పిలుతురు; దానిపై బ్రతుకు బెస్తవారు గంగపుత్రులు. గంగయొడ్డున పుట్టి పెరిగిన పెద్దలకు చేపల పేర్లు, నీటి రంగులు, రేవుల లోతులు ఏ పుస్తకమునను చదువకయే తెలిసియుండును.

పుస్తకము మాట వచ్చినది కనుక అసలు సంగతి యిక్కడనే చెప్పెదము. పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు 1780 దశకమున విశాఖపట్టణమున నుండెను. రక్తపింజరకు ఆంగ్లమున ఇతని పేరే పెట్టిరి. పాములను గూర్చి అంత పరిశ్రమ చేసినవాడు. అతడు విశాఖ తీరమున దొరకు చేపలను రెండువందలు ఏర్చి, బొమ్మలు వ్రాయించి, 1803లో లండనులో రెండు సంపుటములుగా అచ్చువేయించెను. అతడు చేసిన మంచిపని యొకటి కలదు. చేపలకు స్థానికులు చెప్పిన తెలుగు పేర్లను, తన చెవికి వినబడినట్లుగా ఆంగ్లాక్షరములలో వ్రాసియుంచెను. అందు వాలుగ “వల్లగూ” అయినది. తెల్లవాని నోట మన మాట కొంచెము వంకరపోయినను బ్రతికినది. 1851లో బ్లీకర్ అను డచ్చివైద్యుడు ఈ చేపల జాతికి పేరు పెట్టవలసివచ్చి, గ్రీకును లాటినును వెదుకక, ఆ తెలుగు మాటనే గైకొని “వల్లాగో” అని స్థిరపఱచెను. అంతకు ముందే 1801లో ఈ చేపకు “అట్టు” అను పేరు అచ్చయియున్నది. అదియు లాటిను కాదు, దోసెవంటి మన అట్టును కాదు! మలయాళమున “ఆట్టువాళ” యందురు. “ఆట్టు” అనగా ఏటి యని. ఈ రెండును కలిసి “వల్లాగో అట్టు” అయినది. తెలుగులో చెప్పుకొన్నచో ఏటివాలుగ.

ప్రపంచమున ఏ విశ్వవిద్యాలయమున నైనను ఈ చేపను గూర్చి వ్రాయువాడు, జపానువాడైనను జర్మనుడైనను, మన జాలరి చెప్పిన మాటను వ్రాయక గత్యంతరము లేదు. ఆ చిన్నపిల్ల ఈ సంగతిని తన బడిలో చెప్పవచ్చును. ఎవరును నవ్వరు.

సంస్కృతమున ఈ జాతి చేపను పాఠీన మందురు. అమరకోశమున దీనికి సహస్రదంష్ట్ర మను పేరును కలదు, వేయికోఱలు గలదని. వాలుగ నోటిలో సన్నని పండ్లు పట్టీలు పట్టీలుగా క్రిక్కిఱిసి యుండును. కోసి శుభ్రపఱచునప్పుడు దవడలోనికి వ్రేలు పోనిచ్చిన యిల్లాలికి ఈ పేరును వివరింప నక్కఱలేదు. మనుస్మృతి అయిదవ అధ్యాయమున, తినదగిన చేపలలో పాఠీనమును రోహితమును చెప్పబడినవి. హిందీ మాటలాడు కొన్ని ప్రాంతములలో దీనిని నేటికిని పఢిన్ అందురు. అది పాఠీనమునకు మనుమరాలు.

ఇక వాలుగంటి. ఈ మాటను పెద్దలు మూడు విధములుగా చెప్పుదురు. వాలుగవంటి కన్నులు గలది యని కొందఱు, వాలువంటి, అనగా కత్తివంటి చూపు గలదని కొందఱు, వాలిన, అనగా పొడవుగా సాగిన కన్నులు గలదని మఱికొందఱు. మేము మూడవదాని వైపు మొగ్గుదుము. వాలుగ, కన్ను అను రెండు మాటలు చేరినచో వాలుగకంటి యని యుండవలెను గాని వాలుగంటి యని యొక్క గకారముతో నుండుట కష్టము. అయినను చేపను కన్నులతో పోల్చుట మనకు కొత్త గాదు. మీనాక్షి యన్నను మీననేత్ర యన్నను అదియే గదా. ఇక్కడ నొక పొరపాటు తఱచుగా జరుగుచున్నది. మీనాక్షి యనగా చేప కన్నులవంటి కన్నులు గలదని పిల్లలకు చెప్పుదురు. చేప కన్నులు గుండ్రనివి, ఱెప్పలు లేనివి. వాలుగ కన్నులైతే మఱియు చిన్నవి. అట్టి కన్నులున్నవని యెవరినైన పొగడినచో ఆమె సంతోషించునా? పోలిక చేప కంటితో గాదు, చేపతోడనే. నడుమ వెడల్పై, కొసకు సన్నగిల్లి, నిలుకడలేక కదలు చేప ఆకారము కంటి ఆకారము. కాటుక పెట్టుకొనునప్పుడు కంటికొస దాటించి సన్నని తోక తీర్తురు గదా, అప్పుడు మనమందఱము చేపనే వ్రాయుచున్నాము. అమ్మవారికి మ్రొక్కుబడిగా చెల్లించు వెండికన్నులను దుకాణములో జతలుజతలుగా పఱచినప్పుడు చూడుడు. చిన్న చేపలు ఎండకు పడియున్నట్లుండును.

చేప కొనునట్టి పాఠికల కొక మాట. పంగాసియస్ అను చేప మన చెఱువులలో విరివిగా పెంచబడుచున్నది. అది మెకాంగు నది ప్రాంతపు చేప. దానికిని పొలుసులు లేవు, మీసములున్నవి; ధర తక్కువ. తెలియనివారు దానిని చూచి వాలుగ యని మోసపోవుట కలదు. మా యింటనే యొకమాఱు ఇట్లు జరిగినది. ముక్కలు కోయించి తెచ్చినందున గుర్తుపట్టుటకు వీలులేక పోయినది. కావున ముక్కలు కోయకమునుపే చేపను చూడుడు. నోటి చీలిక కంటిని దాటి పోయెనా, కడుపుక్రింది ఱెక్క తోకవఱకు పొడవుగా సాగెనా, వీపుమీద తోకకు దగ్గఱ నున్న చిన్న కండఱెక్క లేదా, అయినచో వాలుగ. వీపుమీద ముల్లుగల ఱెక్కయు, తోకదగ్గఱ కండఱెక్కయు నున్నచో అది కాదు. వాలుగలో సన్నముండ్లు తక్కువ. పిల్లలకు పెట్టుటకు భయము లేదు. కొవ్వు కొంచె మెక్కువ గనుక నూనె తగ్గించి వండవచ్చును.

అయితే కొనదలచినను దొరకుట యిప్పుడు సులభము కాదు. అంతర్జాతీయ ప్రకృతిసంరక్షణ సంఘమువారు ఈ చేపను ముప్పునకు లోనైన జీవుల పట్టికలో చేర్చిరి. హద్దులేని వేట యొక కారణము. నదుల నడ్డగించుట యొక కారణము. వానకాలపు వఱదలో నీరు పల్లములకు పొంగినప్పుడు వాలుగ అక్కడకు పోయి గ్రుడ్లు పెట్టును. ధర్మపురికి ఎగువను పోచంపాటివద్ద శ్రీరాంసాగరమునకు 1963లో పునాది పడినది. దిగువను ఎల్లంపల్లి కట్ట వచ్చినది. పొలములకు నీరు వచ్చినది, ఊళ్లకు త్రాగునీరు వచ్చినది. ఆ మేలును కాదనుట కృతఘ్నత. నడుమనున్న నదిలో మాత్రము వెనుకటి పారుదల లేదు. ఏటిలో తిరిగెడు చేపకు ఏఱు కావలెను గదా. చెఱువులలో పెంచుదమన్నచో, తోడి చేపలను మ్రింగునని పెంపకపువారు దీనిని రానీయరు. తెలంగాణమున రాష్ట్రపు చేప యను గౌరవము కొఱ్ఱమీనునకు దక్కినది. వాలుగకు పదవి లేదు. శాస్త్రగ్రంథములలో తెలుగుపేరు మాత్రము మిగిలినది.

ధర్మపురి సోదరి తన జాబు చివర నొక పంక్తి చేర్చినది. అత్తగారు పిల్లతో మాటలాడకపోయినను, కోడలితో చాటుగా నొక ప్రశ్న అడిగించినారట: “ఆ సముద్రపు కత్తిచేపకు మీసాలున్నయా, లేవా, అడుగు.” లేవమ్మా. కత్తియే గాని మీసము లేదు. మీ గంగలోని దానికి రెండును ఉన్నవి.